సినిమాల్లో మన సీమ యాస తొడ కొట్టినప్పుడే ఎందుకు బయటికొస్తుంది?

బురుజు_కాడ, కర్నూలు
శానా రోజుల నుంచి అడగాలనుకుంటున్నా. ఈమధ్య పాత ఫ్యాక్షన్ సినిమాలు వరసబెట్టి మళ్లీ చూశాను, కథ కోసం కాదు, ఎవరు ఏ సీన్‌లో ఎట్లా మాట్లాడుతున్నారో వినడానికి. హీరోది కర్నూలో కడపో అంటారు. హైదరాబాదులో ఉన్నంతసేపు, హీరోయిన్‌తో పాట పాడుకునేంతసేపు, అమ్మ దగ్గర కూర్చుని అన్నం తినేటప్పుడు వార్తలు చదివే మనిషి మాదిరి శుభ్రమైన తెలుగు. ఇంటర్వెల్ దగ్గర మీసం మీద చెయ్యి పడిందో లేదో ‘యాడికిరా’ మొదలు. పగ తీరినాక యాస మళ్లీ మాయం. బీరువాలో దాచిన కత్తి మాదిరి, పనిబడినప్పుడు తీయడం, తుడిచి లోపల పెట్టడం. విలన్‌కు మాత్రం మొదటి నుంచి చివరి దాకా యాసే, వాడి పక్కన తన్నులు తినే కమెడియన్‌కూ యాసే. అదే ఊర్లో డాక్టర్, కలెక్టర్, లెక్చరర్, జడ్జి ఉంటారు కదా, వాళ్లకెవరికీ ఉండదు. వాళ్లందరినీ కృష్ణా జిల్లా నుంచి ట్రాన్స్‌ఫర్ మీద తెచ్చినారా ఏంది?

యాస పెట్టలేదని నా బాధ కాదు. ఎవరికి, ఏ మూడ్‌లో పెట్టినారు అన్నదే ప్రశ్న.

ఎర్రగుంట్ల_సున్నం, ప్రొద్దుటూరు
అన్నా, ఫ్యాక్షన్ అనేది వాళ్లు పుట్టించిందా? మనూళ్లలో బాంబులు పడలేదా, పంటలు నరకలేదా, సాక్షులు కోర్టుకు పోవడానికి భయపడలేదా? మనం చేసుకున్నది వాళ్లు చూపించి డబ్బులు చేసుకున్నారు, అంతే. ఇప్పుడు యాస, గౌరవం అంటూ కూర్చుంటే ఎట్ల. చూసి విజిల్స్ వేసింది కూడా మనమే, మా ఊరి థియేటర్‌లో సుమోలు గాల్లోకి లేచినప్పుడు చించిన కాగితాలు ఎవరు విసిరినారు?

బురుజు_కాడ, కర్నూలు
విసిరినాం, కాదనలేదు. ఫ్యాక్షన్ ఉందని కూడా కాదనలేదు. కానీ ఫ్యాక్షన్ ఉన్న కాలంలోనే అనంతపురంలో శెనక్కాయ పంట ఎండి బెంగళూరుకు వలస పోయినోళ్లు ఎంతమంది, బోరు మీద బోరు వేసి అప్పుల పాలైనోళ్లు ఎంతమంది? వాళ్లూ ఇదే యాసలో ఏడ్చినారు. ఆ ఏడుపు టికెట్లు తెంచదు కాబట్టి ఎవరికీ పట్టలేదు.

ఊరిబిండి, తాడిపత్రి
రెండూ కరెక్టే. పాయింట్ ఏందంటే ఒకటి హిట్టయితే పది వస్తాయి. 1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’, ఆ తర్వాత 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’, ‘ఆది’, ‘చెన్నకేశవరెడ్డి’, 2003లో ‘ఒక్కడు’. ఆరేడేళ్లలో తెలుగు ప్రేక్షకుడి బుర్రలో సీమ అంటే ఏందో ఖాయమైపోయింది. కొండారెడ్డి బురుజు ఎంత పాత కోట బురుజో ఎవరికీ అక్కర్లేదు, ఇప్పుడు కర్నూలుకు వచ్చే ప్రతివాడూ దాని ముందు నిలబడి హీరో మాదిరి ఫోటో దిగుతాడు.

సిరివెళ్ల_మాస్టారు, నంద్యాల
జయప్రకాశ్ రెడ్డి గారిని ఎవరూ తలుచుకోకపోతే ఎట్ల? ఆయనది మా సిరివెళ్లే. బడిపంతులుగా చేసి, నాటకాల్లో నలిగి సినిమాకు పోయిన మనిషి. ‘ప్రేమించుకుందాం రా’తోనే ఆయనకు పేరొచ్చింది. ఆయన యాస అరువు తెచ్చుకున్నది కాదు. మిగతావాళ్లు యాస అంటే అరుపు అనుకున్నారు, ఆయన మాత్రం గొంతు పెంచకుండా, మాట చివర సాగదీసి, మధ్యలో ఆగి, ఎదుటివాడికి చెమట పట్టించేవాడు. మా ఊర్లో పెద్దమనుషులు పంచాయితీలో అట్లనే మాట్లాడేవాళ్లు, నిజంగా భయపెట్టేవాడికి అరిచే పని ఉండదు. నటన తెలిసిన వాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. 2020 సెప్టెంబర్ 8న పోయినాడు.

కానీ ఒకటుంది. అంత నటుడికి పరిశ్రమ ఇచ్చినవి ఎక్కువగా రెండు రకాల వేషాలే, భయపెట్టే రెడ్డి, నవ్వించే రెడ్డి. వేదిక మీద మాత్రం ఒక్కడే ‘అలెగ్జాండర్’ నాటకం మొత్తం నడిపినాడు. అక్కడ చూసినవాళ్లకు తెలుసు ఆయన ఏం చేయగలడో.

ధర్మవరం_అంచు, ధర్మవరం
మీరంతా మగవాళ్ల యాస గురించే మాట్లాడుకుంటున్నారు, గమనించినారా? సినిమాలో సీమ ఆడమనిషి ఎప్పుడు మాట్లాడుతుంది? శవం మీద పడి ఏడ్చేటప్పుడు, లేదంటే కొడుక్కి కత్తి చేతికిచ్చేటప్పుడు. మధ్యలో బతుకు ఉండదా మాకు?

మా జేజి, అంటే అవ్వ, మగ్గం నేసేది. షావుకారు పడుగు ఇచ్చి, డిజైన్ కష్టంగా పెట్టి, కూలి మాత్రం పాతదే రాసుకున్నాడు ఒకసారి. ఆమె అరవలేదు, ఏడవలేదు. పడుగు చేత్తో తడిమి చూసి, ‘ఏం సామీ, పువ్వులు ఈ ఏటివి పెట్టి, కూలి పోయినేటిది ఇస్తాండావే, నా కండ్లకు కూడా పోయినేటి చూపు తెచ్చిస్తావా’ అనింది. పక్క మగ్గాల వాళ్లు తల వంచుకుని నవ్వుతున్నారు, ఆయన పుస్తకం మళ్లీ తెరిచినాడు. ఆ మాటలో ఎంత లెక్క ఉంది, ఎంత ఎత్తిపొడుపు ఉంది! ఇట్లాంటి మాట ఒక్కటి సినిమాలో వినలేదు నేను. వింటే అది కామెడీ ట్రాక్‌లో పనిమనిషికి పెట్టి ఉంటారు.

ఉగ్గాని, గుంతకల్లు
అక్కా, జేజికి దండం 🙏 షావుకారు కూలి పెంచినాడా లేదా, అది చెప్పు ముందు.

ధర్మవరం_అంచు, ధర్మవరం
పెంచినాడు. కొంచెం. వాళ్లు ఎప్పుడూ కొంచెమే కదా పెంచేది.

వాహినీ_కాలం, కడప
ఎవరు రాస్తున్నారు అన్నది కూడా చూడాలి. ‘సమరసింహారెడ్డి’ కథ విజయేంద్రప్రసాద్ గారిది, ఆయనది కొవ్వూరు. మాటలు పరుచూరి బ్రదర్స్, కృష్ణా జిల్లా. తప్పని అనడం లేదు, బయటి నుంచి చూసేవాడికి ఊరిలో ముందుగా కనిపించేది ఊరి పేరుమోసిన గొడవే. రోజూ జరిగే మామూలు మాట చెవిన పడాలంటే అక్కడ ఉండాలి.

కానీ ఇక్కడే నాకొక చిక్కు ఉంది. తెలుగు సినిమాకు బంగారు కాలం అంటాం కదా, ఆ కాలాన్ని నడిపింది ఎవరు? బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములు మన కడప జిల్లా వాళ్లు, ఇద్దరికీ ఫాల్కే అవార్డు వచ్చింది, పెద్దాయనకు 1974కు, తమ్ముడికి 1986కు. 1957లో ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి తాడిపత్రి. వాహినీ స్టూడియోకు వెన్నుదన్నుగా నిలిచిన మూలా నారాయణస్వామిదీ తాడిపత్రే. స్టూడియో మనోళ్లది, కెమెరా మనోళ్లది, డబ్బు మనోళ్లది. అయినా తెర మీద కథానాయకుడి నోట సీమ మాట వినపడలేదు. ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో గానీ, తెర మీదికి వచ్చేసరికి మర్యాదైన తెలుగు ఏదో వాళ్లకు ముందే ఖాయమైపోయి ఉంది. కాబట్టి పగ్గాలు మన చేతికొస్తే అంతా మారిపోతుందని నాకు నమ్మకం లేదు.

ఎర్రగుంట్ల_సున్నం, ప్రొద్దుటూరు
ఇది నాకు తెలీదు సామీ, శానా బాగా చెప్పినావు. అంటే మన మాటకు మనమే సిగ్గుపడినామన్నమాట.

పాఠాల_పిచ్చి, అనంతపురం
సిగ్గు అనేది ఊరికే పుట్టదు. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడి గెలిచినారు, బాగుంది. గెలిచినాక అచ్చులోకి ఎక్కిన వాడుక భాష ఎవరిది? పత్రికలు, ప్రెస్సులు, ప్రచురణకర్తలు ఎక్కువగా ఉన్నది కృష్ణా తీరంలో. చదువు, కాలవ నీళ్లు, డబ్బు అక్కడ ముందు వచ్చినాయి కాబట్టి వాళ్ల మాటే అందరికీ ప్రమాణమైంది. భాషాశాస్త్రం చదివిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటి, వ్యవసాయ పదాలది, 1962లో తెచ్చినారు. తెలుగును నాలుగు మండలాలుగా చూపించినారు, తెలంగాణ ఉత్తరం, కళింగాంధ్ర తూర్పు, సీమతో పాటు నెల్లూరు, ప్రకాశం దక్షిణం, గోదావరి, కృష్ణా, గుంటూరు మధ్య. మధ్య మండలానిది కూడా ఒక మాండలికమే, కానీ దాన్ని ఎవరైనా యాస అంటారా? అనరు. అది ‘మామూలు తెలుగు’.

తమాషా ఏందంటే తెలుగులో దొరికిన తొలి శాసనంగా చెప్పేది కలమళ్లలోది, ఎర్రగుంట్ల పక్కనే, రేనాటి చోళుల ధనంజయుడిది, 575 ప్రాంతం. వేమన మనవాడు, అన్నమయ్య మనవాడు, మొల్ల మన ఆడబిడ్డ. బ్రౌన్ దొర పండితులను పెట్టుకుని తెలుగు పుస్తకాల పని చేయించింది కడపలో.

ఇంకొక సంగతి. కెనడాలో, మాంట్రియల్‌లో, లాంబర్ట్ అనే ఆయనా ఆయన తోటివాళ్లూ ఒక ప్రయోగం చేసి 1960లో అచ్చేసినారు. రెండు భాషలూ బాగా వచ్చిన మనుషుల చేత ఒకే విషయం ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి ఫ్రెంచిలో చదివించి రికార్డు చేసినారు. వినేవాళ్లకు ఒకే మనిషి అని చెప్పలేదు. ఈ గొంతు గల మనిషి ఎట్లాంటివాడో చెప్పండి అంటే, ఇంగ్లీషు గొంతుకు తెలివి, ఎత్తు, అందం అన్నీ ఎక్కువ మార్కులు పడినాయి. ఇంగ్లీషువాళ్లు వేయడం సరే, ఫ్రెంచి వాళ్లు కూడా చాలా గుణాల్లో తమ భాష గొంతుకు తక్కువే వేసినారు! గొంతు విని ఎత్తు కూడా కొలిచేసినారు చూడండి. సినిమావాడు చేసేది ఇదే, మన బుర్రలో ముందే పడి ఉన్న మార్కుల లిస్టును వాడుకుంటాడు. విలన్ చెడ్డవాడని చూపించడానికి పది సీన్లు రాసే ఖర్చు తప్పుతుంది.

ఉగ్గాని, గుంతకల్లు
సార్ అటెండెన్స్ వేసుకుంటారా లేక ఇప్పుడే బయటికి పోవచ్చునా 😂

ఆదోని_నుంచి_లీడ్స్, ప్రస్తుతం ఇంగ్లండు
ఇక్కడా ఇదే గోల. నేనుండే యార్క్‌షైర్ యాస మీద లండన్ వాళ్లకు పెద్ద జోకులు. యుద్ధం టైంలో, 1941లో, విల్‌ఫ్రెడ్ పికిల్స్ అనే ఆయన్ని బీబీసీ వార్తలు చదవడానికి పెట్టింది. ఆయనది ఈ పక్క హాలిఫాక్స్. జర్మన్లు అనుకరించలేరన్న ఆలోచన కూడా ఉండిందని చెప్తారు. తన యార్క్‌షైర్ యాసలో వార్తలు చదివేసరికి జనం ఉత్తరాలు రాసి గోల చేసినారు, కొందరైతే ఆ యాసలో వింటే వార్త నమ్మబుద్ధి కావడం లేదన్నారు. అదే యుద్ధం, అదే వార్త. మా ఆఫీసులో ఇక్కడి పిల్లలకు చెప్తే, ఇప్పుడు యార్క్‌షైర్ యాసను ప్రకటనల్లో నమ్మకస్తుడైన పల్లెటూరి మనిషికి వాడుకుంటారని అన్నారు. అదీ ఒక పెట్టెలో పెట్టడమే కదా.

మైకు_ముందు, హైదరాబాదులో ఉన్న అనంతపురపోడు
నేను డబ్బింగ్ చెప్తాను. పేర్లు రాయను, ఒక సిరీస్‌కు పోయినా. ఒకేరోజు నాకు రెండు గొంతులు ఇచ్చినారు, ఒకటి అనంతపురం బ్యాంకు మేనేజర్, రెండు అదే ఊరి రౌడీ. మేనేజర్‌కు మామూలుగా చెప్పినా, అంటే నేను ఇంట్లో మాట్లాడినట్లు, ‘కూర్చోండప్పా, సంతకం ఇక్కడ రాలేదు చూడండి’ అని. ఇంజనీర్ ఆపేసినాడు. గాజు అవతల నుంచి మైకులో, ‘భయ్యా ఈయన చదువుకున్నోడు, నీట్‌గా చెప్పు, అప్పా తీసెయ్’ అన్నాడు. సరే, తీసేసినా. ‘కూర్చోండి, సంతకం ఇక్కడ రాలేదు.’ ఓకే టేక్.

తర్వాత రౌడీ. వాడు ఫోన్‌లో పెళ్లాంతో పాలు తెమ్మంటే తెస్తానని చెప్పే సీన్. మెల్లగా చెప్పినా. ‘లేదు లేదు, సీమ తెలియాలి, రఫ్‌గా కావాలి.’ పాలు తెచ్చేదానికి రఫ్ ఏంది సార్ అంటే నవ్వినారు. చివరికి పాలు తెస్తానని వార్నింగ్ ఇచ్చినట్లు చెప్పి బయటపడినా. ‘చ’ ఉన్నచోటల్లా ‘స’ వేయమంటారు, ప్రతి మాటకూ ‘రా’ తగిలించమంటారు. అంతే వాళ్ల ఫార్ములా. కడప వైపు ‘వచ్చాండా’ అంటారు, మావైపు ‘వస్తాండా’ అంటాం, ఆ తేడా చెప్పబోతే టైం లేదంటారు.

బురుజు_కాడ, కర్నూలు
పాలు తెచ్చే వార్నింగ్ 😂😂 ఇది నేను అడిగిన ప్రశ్నకు సమాధానం. ‘చదువుకున్నోడు, అప్పా తీసెయ్.’

హిందూపురం_లోకల్, హిందూపురం
మీ బాధ మీది, అసలు మేము ఆ పెట్టెలో కూడా లేం. మడకశిర, హిందూపురం, రాయదుర్గం పక్క సగం కన్నడం కలిసిన తెలుగు, మా గొంతు మంచికీ చెడుకూ ఏ సినిమాలోనూ రాదు. అనంతపురం టౌన్‌కు పోతే అక్కడి పిల్లలే మమ్మల్ని ‘ఏం గౌడా’ అని ఏడిపిస్తారు, వాళ్లను హైదరాబాదోళ్లు ఏడిపిస్తారు. కర్నూలు సాయిబుల తెలుగు ఎక్కడైనా విన్నారా తెర మీద? 1839 దాకా నవాబులు ఏలిన ఊరు, అక్కడి ముస్లింలు ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట అచ్చం కర్నూలు తెలుగు మాట్లాడతారు. సినిమాలో మాత్రం ముస్లిం అనగానే పాతబస్తీ నుంచి దించినట్లు ‘ఏం భాయ్’. సీమ యాస అని మీరు పోట్లాడుతున్నది ఊరిపెద్ద మగాడి ఒక్కడి యాస కోసమే.

ధర్మవరం_అంచు, ధర్మవరం
ఇదే నేను ఇందాక చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు 🙂

ఉగ్గాని, గుంతకల్లు
అందరూ ‘పుష్ప’ సంగతి మర్చిపోయినారా? 2021. హీరో మొత్తం చిత్తూరు యాసలోనే. దానికే జాతీయ ఉత్తమ నటుడు అవార్డు, తెలుగు నటుడికి మొదటిసారి. తీసిన సుకుమార్ గోదావరి మనిషి. బయటివాళ్లు తీస్తే తప్పనేది అక్కడే కొట్టుకుపోయింది.

ఊరిబిండి, తాడిపత్రి
ఎర్రచందనం స్మగ్లర్ కదప్పా హీరో. మళ్లీ అడవి, గొడ్డలి, పోలీసు. యాస ఇచ్చినారు, కేసు కూడా పెట్టినారు.

ఉగ్గాని, గుంతకల్లు
స్మగ్లరే. కానీ వాడు ఆ యాసలోనే ప్రేమించినాడు, ఆ యాసలోనే అవమానపడినాడు, పెళ్లి మాటల దగ్గర తలదించుకున్నాడు. బురుజు అన్న అడిగింది ఇదే కదా, కోపం తప్ప వేరే మూడ్‌లో యాస కావాలని.

బురుజు_కాడ, కర్నూలు
ఆ లెక్కన సగం ఒప్పుకుంటా. మిగతా సగం, వాడు లైబ్రేరియన్ అయ్యుంటే ఆ యాస ఇచ్చేవాళ్లా?

వాహినీ_కాలం, కడప
తెలంగాణ వాళ్లను చూడండి. ఒకప్పుడు వాళ్ల మాటను కూడా రౌడీకి, కమెడియన్‌కే ఇచ్చేవాళ్లు. ఉద్యమంలో అది పెద్ద ఫిర్యాదు. రాష్ట్రం వచ్చినాక 2017లో ‘ఫిదా’లో హీరోయిన్ ఆ మాటలోనే ప్రేమించింది, 2023లో ‘బలగం’లో ఒక చావింట్లో అందరూ ఆ మాటే. మార్కెట్ హైదరాబాదులో ఉంది, ప్రభుత్వం అక్కడ ఉంది, కుర్ర డైరెక్టర్లు అక్కడి నుంచే వచ్చినారు. మనకు ఉన్నది ఏంది? 1953లో కర్నూలు రాజధాని, మూడేళ్లకు అదీ పోయింది.

మోడరేటర్
కులాల మీదికి పోయిన రెండు పోస్టులు తీసేశాను. ఏ హీరో కుటుంబం ఏ కులం అన్న చర్చ ఇక్కడ వద్దు. మిగతాది కానివ్వండి, బాగుంది.

పల్లె_స్ట్రింగర్, కదిరి
సినిమానే ఎందుకు, వార్తలు చూడండి. నేను ఒక ఛానెల్‌కు స్ట్రింగర్‌గా, అంటే ఊర్ల నుంచి వార్తలు పంపేవాడిగా చేసినా. కరువు మీద ఒక రైతు దగ్గర బైట్ తీసి పంపినా, ఆయన బోరు ఎన్ని అడుగులు పోయిందో, ఏ బ్యాంకులో ఎంత ఉందో వరసగా చెప్పినాడు, ఒక్క తడబాటు లేదు. రాత్రి చూస్తే ఆయన గొంతు తగ్గించి పైన యాంకర్ గొంతు, ఆయన ఏడ్చిన చోట మాత్రం సౌండ్ పెంచినారు. డెస్క్‌కు ఫోన్ చేస్తే ‘అర్థం కాదండీ జనానికి’ అన్నారు. తెలుగు ఛానెల్, తెలుగు రైతు. అదే వారం ఊర్లో కొట్లాట జరిగితే అక్కడి తిట్లు మాత్రం బీప్ వేసుకుంటూ మొత్తం వేసినారు, అప్పుడు బాగా అర్థమైంది జనానికి.

సిరివెళ్ల_మాస్టారు, నంద్యాల
రాసేవాళ్లు మాత్రం ఎప్పుడో ఈ పని చేసినారు. కేతు విశ్వనాథరెడ్డి గారి కథలకు 1996లో సాహిత్య అకాడమీ వచ్చింది, 2019లో బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’కి వచ్చింది. కథల్లో సీమ మనిషి నీళ్ల కోసం, కూలి కోసం, పిల్ల పెళ్లి కోసం మాట్లాడతాడు. సినిమావాళ్లు పుస్తకం తెరవరు, అదే కష్టం.

ఎర్రగుంట్ల_సున్నం, ప్రొద్దుటూరు
నా మొదటి మాట మీద నేను ఇంకా ఉన్నా, విజిల్ వేసింది మనమే. అయితే ఒకటి చెప్తా. మా తమ్ముడు హైదరాబాదులో రూమ్ కోసం పోతే ఇంటాయన ఊరు అడిగి, కడప అనగానే నవ్వుతూ ‘బ్యాగులో ఏం లేవు కదా’ అన్నాడంట. జోకే. రూమ్ కూడా ఇచ్చినాడు. కానీ వాడు అప్పట్నుంచి ఫోన్‌లో మాతో మాట్లాడేటప్పుడు కూడా ‘వస్తున్నాను, చేస్తున్నాను’ అంటాడు. అమ్మ ఎవరో కాల్ సెంటర్ అనుకుని రెండుసార్లు పెట్టేసింది.

హిందూపురం_లోకల్, హిందూపురం
మనమూ అంతే కదా ఇక్కడ. ఇంతసేపూ యాస గురించి పోట్లాడి అందరం రాసింది ముప్పావు వంతు పేపర్ తెలుగులోనే. పాఠాల సార్‌దైతే పూర్తిగా.

పాఠాల_పిచ్చి, అనంతపురం
నాకు రాయడం వచ్చింది ఆ తెలుగులోనేనప్పా, ఏం చేసేది. బడిలో ‘పోతాండా’ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసినారు.

ఊరిబిండి, తాడిపత్రి
ఇప్పుడు ఫోన్లలో వీడియోలు చేసే పిల్లలు నయం. మొగుడూ పెళ్లాల గొడవ, సంతలో బేరం, అత్త ఊరికి పోవడం, అన్నీ మన మాటలోనే. కామెడీయే, కాదనను. కానీ అక్కడ నవ్వు మనిషి చేసే పని మీద వస్తుంది, యాస మీద కాదు. చూసేవాళ్లు కూడా అదే ఊరోళ్లు కాబట్టి ఉత్త యాసకు నవ్వరు.

మైకు_ముందు, హైదరాబాదులో ఉన్న అనంతపురపోడు
ఆ వీడియోలు చేసే పిల్లల్లో ఒకడు షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడు, మా ఊరోడే. బ్యాంకులో పనిచేసే ఆమె కథ, కొట్లాట లేదు, చావు లేదు. అనంతపురం పక్క ఆడగొంతు కావాలి, ‘అప్పా’ ఉంచుతామని మాటిచ్చినాడు. ధర్మవరం అక్కా, ట్రై చేస్తావా?

ధర్మవరం_అంచు, ధర్మవరం
పేమెంట్ ఎంత? అది ముందు చెప్పు. పోయినేటి రేటు చెప్తే మాత్రం రాను.